వెనక వచ్చే అడుగుల చప్పుడు

డాలస్‌లో సాయంత్రం ఆరయితే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర. ఎండాకాలమంతా ఇదే లెక్క. మా పిన్ని కూతురు అక్కడ ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు బిగించుకుని, ఇంటి దగ్గరి పార్కులో పరుగెత్తి ఇల్లు చేరేసరికి ఇక్కడ నా తలగడ పక్కన ఫోను ఒక్కసారి సన్నగా వణుకుతుంది. తెరమీద చిన్న పటం, దానిపై నారింజరంగు గీత, కింద 3.1 కిలోమీటర్లు అని ఒక అంకె. అది చూశాక మళ్ళీ దుప్పటి ముసుగేసుకోవడం నా వల్ల కాదు.

నేను పదేళ్ళుగా పరుగెడుతున్నాను. మా చెల్లెలు మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. దాని దూరం నా దూరంలో మూడో వంతు, దాని వేగం ఇంకా నడకకు దగ్గర చుట్టమే. పదేళ్ళ అనుభవమున్న నన్ను అది మంచం మీంచి లేపుతోందంటే, మొదట్లో అది అక్కాచెల్లెళ్ళ మమకారం అనుకున్నాను. తర్వాత, పరుగు మీదా మనసు మీదా జరిగిన పరిశోధనలు చదువుతున్నకొద్దీ తెలిసింది, ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదని.

పరుగు మొదలుపెట్టడం కష్టం కాదు. కొత్త బూట్లు కొన్న వారం ఎవరైనా పరుగెడతారు. మూడో వారంలో అసలు పరీక్ష. పిక్కలు పట్టేస్తాయి, రాత్రి పని ఆలస్యమవుతుంది, పొద్దున్నే చలో ఉక్కో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. పరుగు వల్ల కలిగే మేలు, అంటే గుండె బలపడటం, షుగరు అదుపులోకి రావడం, రాత్రి మంచి నిద్ర పట్టడం, నెలల తర్వాత గానీ కనపడదు. పోగొట్టుకునేది మాత్రం ఇప్పుడే, ఈ క్షణాన, వెచ్చని పక్క రూపంలో కళ్ళెదుట ఉంటుంది. దూరంగా ఉన్న పెద్ద లాభం కన్నా దగ్గరగా ఉన్న చిన్న సుఖమే మనసుకు పెద్దదిగా తోస్తుంది. ఫోనుల్లోని యాప్‌లు, చేతి వాచీలు, వాట్సాప్ గ్రూపులు చేసే పనల్లా ఆ దూరపు లాభంలో కొంత ఈ పూటకే తెచ్చి మన చేతిలో పెట్టడం. అందులో అంకెలు, బ్యాడ్జీలు కొంత. మిగిలినదాన్ని మనం ఇంట్లో ఒకే మాటతో పిలుచుకుంటాం: మొహమాటం. వస్తానని చెప్పి వెళ్ళకపోతే ఏం బాగుంటుంది? నలుగురూ రోడ్డు మీదికొచ్చి నిలబడితే నేను పడుకుని ఉంటే ఏం బాగుంటుంది? ఆ మొహమాటమే శాస్త్రజ్ఞులు నూట పాతికేళ్ళకు పైగా కొలుస్తూ వస్తున్న శక్తి.

కొలవడం మొదలుపెట్టింది సైకిళ్ళతో. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుతున్న నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడ్డవాళ్ళ కన్నా, పక్కన మరొకడు తొక్కుతుండగా తొక్కినవాళ్ళు వేగంగా వెళ్ళారు. గాలి అడ్డు తగ్గడం ఒక్కటే కారణమా, మనసు పాత్ర కూడా ఉందా అని తేల్చుకోవడానికి 40 మంది పిల్లల చేత చేపల గాలం చక్రం తిప్పించాడు, కాసేపు ఒంటరిగా, కాసేపు జతగా. 1898లో అచ్చైన ఆ వ్యాసంలో నాకు నచ్చింది గెలుపు కథ కాదు. 20 మంది పిల్లలు జత ఉంటే వేగం పుంజుకున్నారు. 10 మందికి తేడా అంతగా కనిపించలేదు. మిగతా 10 మంది కంగారుపడి, ఒంటరిగా తిప్పినదానికన్నా వెనకబడ్డారు. పక్కవాడి ఉనికి అందరికీ ఒకేలా పనిచేయదని మొదటి ప్రయోగంలోనే తేలిపోయింది. ఈ పదిమంది పిల్లల్ని గుర్తుంచుకోవాలి.

ఎందుకలా అన్నదానికి మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1965లో ఒక వివరణ ఇచ్చాడు. ఇతరులు చూస్తున్నప్పుడు మనలో ఉద్వేగం పెరుగుతుంది. బాగా అలవాటైన పనిని ఆ ఉద్వేగం వేగిరపరుస్తుంది, ఇంకా నేర్చుకుంటున్న పనిని చెడగొడుతుంది. నాలుగేళ్ళ తర్వాత ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద పరీక్షించింది. వెలుతురుకు బెదిరి చీకట్లోకి పారిపోయే బొద్దింకను ఒక దారిలో వదిలి, పక్కన పారదర్శకమైన గోడల వెనక మరికొన్ని బొద్దింకల్ని ప్రేక్షకులుగా పెట్టారు. తిన్నని దారిలో, ప్రేక్షకులుంటే అది మరింత వేగంగా పరుగెత్తింది. మలుపున్న దారిలో, ప్రేక్షకులుంటే తడబడి ఆలస్యం చేసింది. కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్ళు వీధిలో నలుగురి ముందు సిగ్గుపడి ఆగిపోవడం, పాతవాళ్ళు అదే నలుగురి ముందు ఛాతీ విరిచి వేగం పెంచడం నేను రోజూ చూస్తూనే ఉంటాను. కొత్తవాళ్ళ మనసులో పరుగు ఇంకా మలుపుల దారి.

ఇక్కడి నుంచి మనం 2017కు రావాలి. ఎందుకంటే ఈ విషయంలో నేను చదివినవాటిలో అన్నిటికన్నా బలమైన పరిశోధన ఆ ఏడాది వచ్చింది. అమెరికాలోని ఎంఐటీకి చెందిన సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడిస్ సుమారు 11 లక్షల మంది పరుగు రికార్డులు తీసుకున్నారు. అయిదేళ్ళలో వాళ్ళంతా కలిసి పరుగెత్తినది 35 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు. చేతి పరికరం దానంతటదే నమోదు చేసి, ఆన్‌లైన్‌లో స్నేహితులకు చూపించిన పరుగులివి. నేను రోజూ పరుగెడతానని గొప్పలు చెప్పుకోవడానికి ఇందులో వీల్లేదు.

అయినా ఒక చిక్కు ఉంది. స్నేహితులిద్దరూ బాగా పరుగెడుతున్నారంటే ఒకరు మరొకరిని మార్చినట్టేనా? ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది. పరుగెత్తే స్వభావమున్నవాళ్ళు పరుగెత్తేవాళ్ళనే స్నేహితులుగా ఎంచుకుని ఉండొచ్చు. ఏది కారణం, ఏది ఫలితం అని విడదీయడం ఇలాంటి పరిశోధనల్లో ఎప్పుడూ తలనొప్పే. ఆరల్, నికొలైడిస్ దీన్ని వాతావరణంతో విడదీశారు. ఆ ఎత్తుగడ నాకు ఎంత అందంగా తోచిందంటే, చదివిన రోజు ఇంట్లో అందరికీ చెప్పాను.

విశాఖలో వాన పడుతోంది, హైదరాబాద్‌లో ఆకాశం తేటగా ఉంది అనుకుందాం. విశాఖ స్నేహితుడు వానకు ఆగిపోయాడు. ఆ వానకూ హైదరాబాద్ స్నేహితుడి స్వభావానికీ ఏ సంబంధమూ లేదు, అతని మీద ఒక్క చుక్క కూడా పడలేదు. అయినా ఆ పూట హైదరాబాద్‌లో అతని పరుగు కూడా తగ్గిందంటే, తగ్గించింది స్నేహమే. అలాగే విశాఖలో చల్లని పొద్దు వచ్చి అక్కడి స్నేహితుడు ఎక్కువ దూరం వెళ్తే, ఇక్కడ ఎండలోనూ ఇతని దూరం పెరిగిందంటే, పెంచింది స్నేహమే. ప్రకృతి తనంతట తాను లాటరీ తీసి, ఈ రోజు నువ్వు పరుగెత్తు, నువ్వు ఆగు అని చెప్పినట్టన్నమాట. దేశదేశాల వాతావరణ లెక్కల్ని పరుగుల లెక్కలతో జోడించి చూస్తే తేలింది ఇది: స్నేహితులు ఒక కిలోమీటరు అదనంగా పరుగెడితే, అదే రోజున మనం సగటున 0.3 కిలోమీటరు అదనంగా పరుగెడతాం. వాళ్ళు 10 నిమిషాలు ఎక్కువసేపు పరుగెడితే, మనం మరో 3 నిమిషాలు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. ఎవరు ఎవరిని లాగుతున్నారని విడదీసి చూశారు. తక్కువ పరుగెత్తేవాళ్ళు ఎక్కువ పరుగెత్తేవాళ్ళను లాగుతున్నారు. ఎక్కువ పరుగెత్తేవాళ్ళు తక్కువవాళ్ళను లాగడం లేదు. మనం ఎప్పుడూ తలకిందులుగా అనుకుంటూ వచ్చాం. ముందున్న మొనగాడిని చూసి వెనకున్నవాళ్ళు స్ఫూర్తి పొందుతారని స్కూలు వార్షికోత్సవాల నుంచి విన్న మాట. లెక్కలు వేరే చెబుతున్నాయి. వెనకనుంచి అడుగుల చప్పుడు దగ్గరపడుతుంటే ముందున్నవాడు వేగం పెంచుతున్నాడు. ముందున్నవాడు దూరమైపోతుంటే వెనకున్నవాడు, వాడి దారి వేరులే అని తన దారిన తాను పోతున్నాడు. స్త్రీ పురుషుల మధ్య కూడా తేడా కనిపించింది. పురుషుల మీద పురుషుల ప్రభావమూ ఉంది, స్త్రీల ప్రభావమూ ఉంది. స్త్రీల మీద మాత్రం స్త్రీల ప్రభావమే కనిపించింది. డాలస్ నుంచి వచ్చే ఆ 3.1 నన్నెందుకు లేపుతోందో ఈ రెండు వాక్యాల్లో నాకు అర్థమైంది. అది నా వెనక ఉంది, పైగా నా చెల్లెలు. మా పరుగు గ్రూపులో ఫుల్ మారథాన్‌ను మూడున్నర గంటల్లో ముగించే ఒక సార్ ఉన్నారు. ఆయన ఫొటోలకు దండం పెడతానే తప్ప వాటిని చూసి ఒక్క రోజూ లేచింది లేదు.

మరీ దూరమున్న జోడీ పనికిరాదన్న సంగతి ఆన్‌లైన్ కాలానికి చాలా ముందే తెలుసు. 1920లలో జర్మనీలో ఓటో కోలర్ బెర్లిన్ పడవ పందేల క్లబ్బు సభ్యులతో బరువులు ఎత్తించాడు. ఇద్దరు కలిసి ఒకే కడ్డీని పట్టుకుని ఎత్తాలి, ఒకడు చేతులెత్తేస్తే ఇద్దరి ఆటా ముగిసినట్టే. ఆ జోడీలో బలం తక్కువవాడు ఒంటరిగా ఎత్తినప్పటికన్నా ఎక్కువసేపు నిలిచాడు. తన వల్ల జోడీ ఓడిపోకూడదన్న పట్టుదల అది. కానీ ఇద్దరి బలాల మధ్య తేడా మరీ ఎక్కువైనా, దాదాపు లేకపోయినా ఆ ఫలితం పలచబడింది. తేడా ఓ మోస్తరుగా ఉండాలి. పరుగువాళ్ళలో నేడు ఎక్కువమంది వాడే స్ట్రావాను 2009లో స్థాపించిన మార్క్ గేనీ, మైఖేల్ హోర్వాత్ కూడా హార్వర్డ్‌లో ఒకే జట్టులో పడవ నడిపినవాళ్ళే. చదువు ముగిశాక జట్టు విడిపోయింది. దూరంగా ఉన్నా కలిసి సాధన చేస్తున్నట్టు ఉండాలన్న కోరికే ఆ యాప్‌కు మూలం. స్వీడిష్ భాషలో ఆ పేరుకు అర్థం పాటుపడటం.

ప్రపంచంలో అందరికన్నా మేటి మారథాన్ పరుగరికీ తోడు అక్కర్లేకుండా పోలేదు. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఎల్యూడ్ కిప్చోగె 42.195 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. వంతులవారీగా అతని చుట్టూ పరుగెత్తిన పేసర్లు 41 మంది, ముందు వెళ్ళే కారు రోడ్డు మీద గీసే కాంతి రేఖలు వేగాన్ని చూపించే పరికరం. బృందమూ పరికరమూ కలిస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది. గాలిని చీల్చిపెట్టడం అందులో పెద్ద భాగమే గానీ, ముగింపు దగ్గర పేసర్లు వెనక్కి తగ్గి అతన్ని ఒంటరిగా ముందుకు పంపి, చేతులెత్తి గంతులేస్తూ వెంట వచ్చిన దృశ్యం చూసినవాళ్ళెవరూ అది గాలి లెక్క మాత్రమే అనలేరు.

అయితే తోడు అంటే ఏ రకం తోడు? మంచి మాటలు చెప్పే తోడా, పోటీ పడే తోడా? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేమన్ సెంటోలా బృందం 790 మంది విద్యార్థులను 11 వారాల వ్యాయామ కార్యక్రమంలో చేర్చి నాలుగు రకాలుగా విడదీసింది. కొందరికి ఎవరితోనూ సంబంధం లేదు. కొందరికి ఆన్‌లైన్‌లో ఒకరినొకరు ప్రోత్సహించుకునే జట్లు. కొందరికి తోటివాళ్ళ హాజరు కనిపించే పోటీ పట్టిక. మరికొందరికి జట్టుగా పోటీ. 2016లో వచ్చిన ఫలితం చాలామందికి మింగుడుపడలేదు. పోటీ ఉన్నవాళ్ళ హాజరు మిగతావాళ్ళ కన్నా 90 శాతం ఎక్కువ. ప్రోత్సాహపు జట్లకు అందులో సగం దాకా కూడా చేరడం కష్టమైంది. మాటల జట్లలో, రానివాళ్ళ గురించే చర్చ జరిగి, రాకపోవడమే మామూలైపోతుందని వాళ్ళ వివరణ. పోటీలో మాత్రం వచ్చినవాళ్ళే కంటికి కనిపిస్తారు.

ఎంఐటీ పరిశోధన వెనకున్నవాడు లాగుతాడంటుంది, ఇది ముందున్నవాళ్ళను చూసి కదులుతారంటుంది. రెండిటికీ పొసగదేమో అనిపిస్తుంది. నా ఉద్దేశంలో పొసగుతాయి. మొదటిది ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఎంచుకున్న స్నేహితుల కథ, రెండోది పరిశోధకులు కలిపిన అపరిచితుల కథ. రెండిట్లోనూ కదిలించింది మాట కాదు, చేసిన పని కంటపడటం. మా వాట్సాప్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు, స్ఫూర్తి వాక్యాలు పంపేవాళ్ళున్నారు. వాటివల్ల ఎవరూ లేచిన దాఖలా లేదు. "నెక్లెస్ రోడ్ దగ్గర ఉన్నాను, చినుకులు పడుతున్నాయి, అయినా మొదలుపెడుతున్నా" అని ఎవరైనా అయిదుకు ఒక్క వాక్యం రాస్తే మరో నలుగురు దిగుతారు. నలుగురితో నారాయణ అన్నది ఊరికే పుట్టిన మాట కాదు.

వెనకున్నవాళ్ళ విలువను అందరికన్నా ముందుగా, ఏ లెక్కలూ లేకుండానే గుర్తించిన కార్యక్రమం పార్క్‌రన్ అని నా నమ్మకం. 2004 అక్టోబరు 2, లండన్ శివార్లలోని బుషీ పార్క్. పాల్ సింటన్ హ్యూవిట్ గాయం వల్ల పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు, ఉద్యోగమూ పోయింది. స్నేహితులను వారానికొకసారైనా కలవాలని శనివారం ఉదయం అయిదు కిలోమీటర్ల పరుగు ఏర్పాటు చేశాడు. వచ్చింది 13 మంది. తాను పరుగెత్తలేడు కాబట్టి గడియారం పట్టుకున్నాడు. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో గుర్తుకు, హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఇనప వాషర్ల మీద అంకెలు కొట్టి చేతికిచ్చాడు. ఇప్పుడు 20కి పైగా దేశాల్లో ప్రతి వారం లక్షలమంది ఆ పరుగుకు వస్తారు. రుసుము లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ వస్తుంది, పరుగు అయ్యాక దాన్ని స్కాన్ చేస్తారు, ఆ రోజే ఫలితం మెయిల్‌లో వస్తుంది. ఇంతే సాంకేతికత.

అందులో రెండు సంగతులు నాకు ఎంతో ఇష్టం. మొదటిది, ప్రతి పరుగులోనూ టెయిల్ వాకర్ అని ఒక కార్యకర్త ఉంటారు. వాళ్ళ పని అందరికన్నా వెనక రావడం. కాబట్టి వచ్చినవాళ్ళలో ఎవరూ ఎప్పుడూ చివరివాళ్ళు కారు. కంగారుపడి వెనకబడిన ట్రిప్లెట్ పిల్లలు పదిమందికి ఆనాడు ఇలాంటి మనిషి ఒకరు దొరికి ఉండాల్సింది. రెండోది, ఏళ్ళు గడిచినకొద్దీ పార్క్‌రన్ సగటు సమయం పెరుగుతూ వచ్చింది. తొలినాళ్ళలో సుమారు 22 నిమిషాలు ఉన్నది తర్వాత 32 దాటింది. పరుగు సంస్థ ఏదైనా వేగం పెరిగిందని చెప్పుకుంటుంది, వీళ్ళు నెమ్మదించామని సంతోషంగా చెప్పుకుంటారు. నెమ్మదిగా వచ్చేవాళ్ళు చేరుతున్నారని దాని అర్థం. 2024 ఫిబ్రవరిలో కొన్ని వేగ రికార్డుల జాబితాలను వెబ్‌సైటు నుంచి తీసేశారు. కొత్తవాళ్ళు వాటిని చూసి బెదిరిపోకూడదని. పాతకాపుల్లో కొందరికి కోపం వచ్చింది. నేనైతే తీసేయడమే సబబంటాను.

కొత్తవాళ్ళ భయం తీర్చిన మరో సాధనం కౌచ్ టు 5కె. 1996లో అమెరికన్ యువకుడు జోష్ క్లార్క్ తన తల్లిలాంటివాళ్ళు కూడా పరుగు మొదలుపెట్టాలని దీన్ని తయారుచేశాడు. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు. తొమ్మిది వారాలు తిరిగేసరికి ఆపకుండా అరగంట పరుగు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ దీన్నే యాప్‌గా ఇచ్చింది. మన శరీరంలో గుండె, కండరాలు కొత్త శ్రమకు త్వరగా అలవాటుపడతాయి, ఎముకలూ స్నాయువులూ నెలలు తీసుకుంటాయి. దమ్ము వచ్చింది కదా అని దూరం పెంచినవాళ్ళకు మోకాలు, మడమ దగ్గర నొప్పి మొదలయ్యేది ఈ తేడా వల్లే. మధ్యలో నడకను ఇరికించడం ఎముకలకు గడువివ్వడం. "ఇప్పుడు నడవండి" అని చెవిలో ఒక గొంతు చెబితే, నడవడంలో నామోషీ కూడా ఉండదు.

కౌచ్ టు 5కె వారంలో ఎన్ని రోజులు, ఎంతెంతసేపు అన్నది ముందే కట్టేస్తుంది, అది ఇంకా ముఖ్యం. బ్రిటన్‌లో శారా మిల్న్, షీనా ఓర్బెల్, పాస్కల్ షీరన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో 248 మంది విద్యార్థులున్నారు. వారంలో ఒక్కసారి 20 నిమిషాల వ్యాయామం చేయాలి, అంతే. ఏ ఉపదేశమూ లేనివాళ్ళలో చేసినవాళ్ళు సగం కన్నా తక్కువే. గుండెజబ్బు ప్రమాదాల గురించి వివరంగా చదివించినవాళ్ళలోనూ సగం కన్నా తక్కువే. అది చదివించి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించినవాళ్ళలో 91 శాతం. భయపెట్టడం పెద్దగా ఏమీ తేలేదు, ఒక్క వాక్యం రాయించడం యాభై శాతానికి పైగా తెచ్చింది. "ఎల్లుండి అయిదుంపావుకు కేబీఆర్ పార్క్ మెయిన్ గేటు" అని గ్రూపులో పడే మెసేజి సరిగ్గా ఆ కాగితమే. పైగా నలుగురు చదివిన కాగితం.

పరికరాల సంగతి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే వాటి అంకెల్ని మనం వేదవాక్కుల్లా నమ్ముతున్నాం. చేతి వాచీ 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుంటుంది. ఒక్కో సంకేతం ఎంతసేపట్లో చేరిందో చూసి దూరం కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనమెక్కడున్నామో తేలుతుంది. సెకనులో వందకోట్లో వంతు పొరపాటు జరిగినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 2000 మే నెలలో అమెరికా పౌర సంకేతాల్లో కావాలని కలిపే పొరపాటును ఆపేసిన తర్వాతే ఇదంతా మామూలు మనిషి చేతికి అందింది. కానీ గచ్చిబౌలి అద్దాల మేడల మధ్య సంకేతం గోడలకు తగిలి మెలికలు తిరిగి వస్తుంది, మన గీత భవనాల్లోంచి దూసుకెళ్ళినట్టు కనిపిస్తుంది. ఇంకో చిత్రం ఉంది. తిన్నగా పరుగెత్తిన దారిలో ఒక్కో బిందువు కాస్త అటూ ఇటూ జరిగితే గీత వంకరలు పోతుంది. వంకర గీత ఎప్పుడూ తిన్నని గీత కన్నా పొడవే. అందుకే జీపీఎస్ మొత్తంమీద దూరాన్ని ఎక్కువగా చూపే వైపు మొగ్గుతుందని 2016లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు గణితంతో నిరూపించారు. ఆగస్టులో మన హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి, వాచీ ఎప్పుడో నలభైరెండు దాటానంటుంది, ముగింపు గీత మాత్రం ఇంకా రాదు. పందెం కొలత తప్పు కాదు, దారి పొడవునా పోగైన వంకరలవి.

ఈ అంకెలు చేసే చెరుపు కూడా ఉంది. పరిశోధకురాలు జోర్డన్ ఎట్కిన్ 2016లో వరస ప్రయోగాలు ప్రచురించింది. బొమ్మలకు రంగులు వేయడం, నడవడం, చదవడం లాంటి ఇష్టమైన పనుల్ని కొలిచి చూపిస్తే జనం ఎక్కువ చేశారు. ఇష్టం మాత్రం తగ్గింది, కొలవడం ఆపేశాక ఆ పని వైపే తక్కువ వెళ్ళారు. సరదాగా చేసేది కొలతతో డ్యూటీ అయిపోయింది. నేను నెలకు ఒక వారం వాచీ ఇంట్లో వదిలేసి వెళ్తాను. ఆ వారం దుర్గం చెరువు మీద పొద్దు ఎలా వస్తోందో కనిపిస్తుంది.

అంతకన్నా నాకు భయమేసేది స్ట్రీక్. ఒక్క రోజూ తప్పకుండా ఇన్ని రోజులు అని యాప్ చూపించే లెక్క. బ్రిటన్ పరుగరి రాన్ హిల్, 1970 బోస్టన్ మారథాన్ విజేత, 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా, 52 ఏళ్ళకు పైగా, రోజూ కనీసం ఒక మైలు పరుగెత్తాడు. కారు ప్రమాదంలో రొమ్ము ఎముక విరిగిన తర్వాతా ఆపలేదు, కాలికి ఆపరేషన్ జరిగితే ఊతకర్రలతో వెళ్ళాడు. చివరికి దారిలో గుండెనొప్పి వస్తే, ఇంట్లోవాళ్ళ కోసం ఆపుతున్నానన్నాడు. ఆ మనిషి పట్టుదలకు నమస్కరిస్తాను. కానీ జ్వరంతోనూ చీలమండ వాపుతోనూ లెక్క తెగిపోతుందని పరుగెత్తే మా గ్రూపు పిల్లలకు మాత్రం లండన్ పరిశోధన ఒకటి పదేపదే చెబుతుంటాను. ఫిలిప్పా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లను గమనించి 2010లో ప్రచురించింది. అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా, మధ్యస్థం 66. మధ్యలో ఒక రోజు తప్పినా ఆ స్థిరపడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాప్ సున్నా చూపిస్తుంది, శరీరం మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టదు.

ఆడవాళ్ళకు చెప్పాల్సిన మాట ఇంకొకటి. 2017 నవంబరులో స్ట్రావా తన వాడుకదారుల పరుగులన్నిటినీ కలిపి వెలుగు పటం విడుదల చేసింది. రెండు నెలలకు ఒక ఆస్ట్రేలియా విద్యార్థి అందులో సిరియా, అఫ్ఘానిస్తాన్ ఎడారుల్లో మెరుస్తున్న చతురస్రాలను గమనించాడు. సైనికులు తమ స్థావరాల ప్రహరీ వెంట పరుగెత్తిన గీతలవి. సైన్యం రహస్యమే అలా బయటపడితే, రోజూ ఒకే గేటు దగ్గర మొదలై ఒకే వేళకు ముగిసే మన గీత మన ఇల్లెక్కడో, మనం ఎప్పుడు ఒంటరిగా ఉంటామో చెప్పదా? ఇంటి చుట్టుపక్కల కొంత దూరం గీత కనపడకుండా చేసే సౌకర్యం, పరిచయస్తులకే చూపించే సౌకర్యం సెట్టింగుల్లో ఉన్నాయి. మా గ్రూపులో ఎవరు కొత్తగా చేరినా, బూట్ల గురించి అడగకముందే, ఫోను తీసుకుని కూర్చుని ఆ రెండూ చేయిస్తాను. చూసే కన్ను మనకు కావాలి, ఎవరి కన్నో మనమే తేల్చుకోవాలి.

ఈ ఏడాది జూన్‌లో డాలస్ నుంచి గీత రావడం ఆగిపోయింది. ఫోను చేస్తే మడమ నొప్పి అంది, డాక్టరు ఆపమన్నారంది. తగ్గేదాకా మొదలుపెట్టొద్దని నేనే గట్టిగా చెప్పాను. ఆ నెల నా డైరీ తిరగేస్తే వారానికి నాలుగు పరుగులు రెండయ్యాయి. వానల్లేవు, ఒంట్లో బాగానే ఉంది, పనీ మామూలే. నాలుగున్నరకు మెలకువ వచ్చేది, ఫోను కదలకుండా ఉండేది, అటు తిరిగి పడుకునేదాన్ని.

ఆరో వారం ఒక గురువారం తెల్లవారుజామున ఫోను వణికింది. చిన్న పటం, పార్కులో సగం చుట్టు కూడా లేని గీత. 1.2 కిలోమీటర్లు, నడక. కింద దాని మాట: "అక్కా, నడిచానంతే." మెచ్చుకోలుగా యాప్‌లో కుడోస్ నొక్కి, దుప్పటి తీసేసి, చీకట్లో బూట్లు వెతుక్కున్నాను.